మేలు, యోగ్యత, పాత్రత: ఇంగ్లిషులో సరైన ప్రశంసాపదాన్ని ఎంచుకునే పద్ధతి

ఒక వస్తువును గానీ మనిషిని గానీ ఇంగ్లిషులో మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మన చెయ్యి ముందుగా నిఘంటువు మీదకు పోతుంది. ‘శ్రేష్ఠమైన’ అని వెతికితే ఎక్సలెంట్, సుపీరియర్, ఫైన్, చాయిస్, ఎమినెంట్ అని ఒక వరుస కనబడుతుంది. ‘యోగ్యమైన’ అని వెతికితే వర్దీ, ఫిట్, ఎలిజిబుల్, డిజర్వింగ్, సూటబుల్ అని మరో వరుస కనబడుతుంది. ఆ వరుసలో చెవికి ఘనంగా వినిపించిన మాటను తీసుకుని రాసేస్తాము. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంగ్లిషు పాఠాలు చెబుతూ, అడిగినవారికి ఉత్తరాలూ దరఖాస్తులూ సరుకు మీద అంటించే చీటీలూ రాసిపెడుతూ గడిపిన ఇరవై ఏళ్ళలో నాకు అర్థమైనదేమిటంటే, ఈ తప్పులు ఇంగ్లిషు రాక జరిగేవాటికంటే, తెలుగులో మనకు ఎంతో స్పష్టంగా ఉన్న తేడాను నిఘంటువు తెరవగానే చేజార్చుకోవడం వల్ల జరిగేవే ఎక్కువ. అందుచేత ఈ పద్ధతి తెలుగుతోనే మొదలవుతుంది.

మొదటి మెట్టు: తెలుగులో ఏ మాట అనాలనుకున్నారో తేల్చుకోవడం

కాగితం మీద ఇంగ్లిషు ముక్క పెట్టకముందే, మీ మనసులో ఉన్నది కింది అయిదింటిలో ఏదో చూసుకోవాలి. వస్తువు తనంతట తాను బాగుండడం మేలు. ధాన్యం మేలు రకమంటే గింజలోనే ఆ గుణం ఉందని అర్థం. పెట్టిన డబ్బుకూ పడిన శ్రమకూ సరితూగడం విలువ. ఒక నియమం పెట్టిన గీతకు ఇవతల ఉండడం అర్హత. వయసు, ఆదాయం, మార్కులు కాగితం మీద సరిపోతే అర్హత ఉన్నట్టే, అందులో మెప్పు ఏమీ లేదు. ఒక పనికి సరిపడేటట్టుగా ఉండడం యోగ్యత. ఇక, చేసిన పని వల్లనో పడిన కష్టం వల్లనో ఒకదాన్ని పొందడానికి న్యాయంగా తగి ఉండడం పాత్రత. ‘అపాత్రదానం’ అనే మాట మన పెద్దల నోట ఎన్నిసార్లు విన్నామో గుర్తు చేసుకోండి. అక్కడ దానం తీసుకున్నవాడికి దరఖాస్తులో అన్ని గళ్ళూ నిండి ఉండవచ్చు, అయినా పాత్రత లేదని అంటున్నాము.

ఇంగ్లిషులో ఈ అయిదూ అయిదు గదుల్లో ఉంటాయి. మేలుకు ఎక్సలెంట్, ఫైన్, సుపీరియర్ మొదలైనవి. విలువకు వర్త్, వాల్యుబుల్. అర్హతకు ఎలిజిబుల్, క్వాలిఫైడ్. యోగ్యతకు ఫిట్, సూటబుల్, సందర్భాన్నిబట్టి వర్దీ. పాత్రతకు డిజర్వింగ్, కొన్నిచోట్ల వర్దీ. వర్దీ రెండు గదుల్లోనూ కాలు పెడుతుంది కనుక దాని సంగతి కింద విడిగా చెబుతాను.

ఈ తేడా నేను నేర్చుకున్న సందర్భం ఒకటి ఉంది. మా వీధిలో ఉండే ఒక అమ్మాయి, తండ్రి కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాడు, పై చదువు కోసం విదేశంలోని ఒక ధర్మసంస్థకు దరఖాస్తు పెట్టుకుంది. ఆమె తల్లి వచ్చి, “మాస్టారూ, మీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పెట్టండి, మా పిల్ల దానికి తగిందని” అని అడిగింది. నేను ఎంతో శ్రద్ధగా, ఆమె ఈ ఉపకారవేతనానికి పూర్తిగా ఎలిజిబుల్ అని రాసి పంపాను. కొన్ని వారాలకు మర్యాదగా ఒక జవాబు వచ్చింది. ఎలిజిబిలిటీ దరఖాస్తులోని కాగితాల వల్లనే తెలుస్తోందనీ, ఆమెకు ఎందుకు ఇవ్వాలో మీరు చెప్పగలిగితే చెప్పమనీ అందులో ఉంది. ఆ తల్లి అన్న ‘తగింది’ అనే మాటలో పాత్రత ఉంది. నేను రాసినది అర్హత. తెల్లవారుజామున తండ్రితో పాటు లేచి, దింపిన కాయలు లెక్కపెట్టి రాసి, తరవాత లాంచీ ఎక్కి కాలేజీకి వెళ్ళే పిల్ల గురించి నేను ఒక గుమాస్తా రాయగలిగిన వాక్యం రాశాను. రెండో ఉత్తరంలో ఎలిజిబుల్ అనే మాటను తీసివేసి, డిజర్వ్స్ అనే క్రియను పెట్టి, దాని వెనుక ఆ లాంచీనీ ఆ లెక్కల పుస్తకాన్నీ పెట్టాను.

రెండో మెట్టు: వస్తువు మేలును చెప్పే మాటలను తూకం వేయడం

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మన ప్రాంతంలో అమ్మకానికి పోయే సరుకంతా ఈ మాటలతోనే బయటి ఊళ్ళకు పోతోంది.

ముందుగా ఫైన్ సంగతి. లాటిన్‌లో ‘అంతం’ అనే అర్థమున్న ఫీనిస్ నుండి వచ్చిన ఈ మాట, ‘తుది మెరుగు దిద్దినది’ అనే అర్థం మీదుగా ‘మేలైనది’, ‘సన్ననిది’ అనే రెండు దారులు పట్టింది. ధాన్యం వ్యాపారంలో ఫైన్, సూపర్ ఫైన్ అనేవి గింజ సన్నదనాన్ని చెప్పే మాటలు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుండి 1982లో విడుదలై స్వర్ణ అనే పేరుతో దేశమంతా పాకిన ఎంటీయూ 7029 రకాన్ని తీసుకోండి. అది గొప్ప రకమన్నది డెల్టా రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు, కానీ దాన్ని ఫైన్ రైస్ అని రాస్తే కొనేవాడు సన్నబియ్యం కోసం గింజను వేళ్ళ మధ్య పెట్టి చూస్తాడు. అక్కడ మీరు చెప్పదలచుకున్నది దిగుబడి గురించో ధాన్యం మేలు గురించో అయితే ఎక్సలెంట్ అనో, హై యీల్డింగ్ అనో రాయాలి. నరసాపురం లేసు విషయంలో ఇది తలకిందులవుతుంది. లేసు అల్లే చేతిపనికి ఫైన్ అనే మాట రెండు అర్థాల్లోనూ అతుకుతుంది. దారం సన్నదే, పనీ మేలైనదే. అటువంటి చోట ఆ మాటను ధైర్యంగా వాడుకోవచ్చు, దానికంటే మంచిది దొరకదు కూడా.

ధాన్యం దగ్గరే ఉన్నాం కనుక ఇంకొక మాట. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ అనే ప్రమాణం ఉంటుంది; తేమ 17 శాతానికి మించకూడదనేది అందులో ఒకటి. ఈ ఫెయిర్‌ను ‘న్యాయమైన’ అనో ‘చక్కని’ అనో అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఇక్కడ దాని అర్థం ‘ఫరవాలేదనదగిన, మధ్యరకపు’ అని. ఒక విద్యార్థి పని గురించి ఫెయిర్ అని రాస్తే మీరు అతణ్ణి మెచ్చుకోలేదు, ఓ మాదిరిగా ఉందన్నారు.

క్వాలిటీ అనే మాట కూడా ఇటువంటిదే. మన వాడుకలో ‘క్వాలిటీ సరుకు’ అంటే మంచి సరుకు. ఇంగ్లిషులో కూడా అలా విశేషణంగా వాడతారు కానీ, నామవాచకంగా వాడినప్పుడు అది తటస్థం. పూర్ క్వాలిటీ కూడా క్వాలిటీయే. ఉత్తరంలో మీ సరుకు క్వాలిటీ గురించి విన్నాను అని రాస్తే ఎదుటివాడికి భయం వేయవచ్చు. ముందు ఒక విశేషణం చేర్చండి.

ఎక్సలెంట్ అంటే మిగతావాటిని మించి లేచినది. పరమావధి ఆ మాటలోనే ఉంది కనుక వెరీ ఎక్సలెంట్ అని రాయకూడదు. ‘చాలా అత్యుత్తమం’ అనడం తెలుగులో ఎంత ఎబ్బెట్టో అదీ అంతే. సుపీరియర్ అనేది పుట్టుకతోనే పోలిక పదం. దేనికంటే అనే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి, ఆ జవాబు ముందు దేన్ అనే మాట రాదు, టు వస్తుంది. మోర్ సుపీరియర్ అన్నది రెండుసార్లు పోల్చడం అవుతుంది. మనుషుల గురించి వాడితే ఈ మాటకు ‘తానే గొప్ప అనుకునే’ అనే ఛాయ కూడా ఉంది కనుక సిఫారసు లేఖల్లో దాని జోలికి పోకపోవడం మేలు. ప్రీమియం అనే మాట ధరతో ముడిపడి ఉంటుంది. మామూలు దానికంటే ఎక్కువ పెట్టి కొనదగినదని అర్థం. ధర మామూలుదే అయినప్పుడు ఆ మాట వాడితే అది అబద్ధం చెప్పినట్టే. చాయిస్ అంటే ఏరి పెట్టినది. అంబాజీపేట నుండి ఏరిన కొబ్బరికాయలు వెళుతుంటే చాయిస్ కోకోనట్స్ అనడం నిజమైన వర్ణన, రాశిలోనుండి చేతికందినవి తీసి పంపుతుంటే అది కాదు.

ఔట్‌స్టాండింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. గుంపులోనుండి విడిగా నిలిచి కనిపించేదని దాని ఒక అర్థం. బ్యాంకు కాగితాల్లో ఇంకా తీరని బకాయి అని రెండో అర్థం. భీమవరం వైపు చెరువులు చేసే ఒక రైతు, తన అప్పు ఖాతా చీటీలో ఆ మాట చూసి, బ్యాంకువారు తన లావాదేవీలను మెచ్చుకున్నారనుకుని దాన్ని నాకు చూపించారు. ఆ పక్కనే ఉన్న అంకెను చూపించి చెప్పవలసి వచ్చింది. ఆయన చదువుకున్న మనిషి. తప్పు ఆయనది కాదు, మాట రెండు ముఖాలది. అందుచేత డబ్బు ప్రస్తావన ఉన్న ఏ ఉత్తరంలోనూ మెచ్చుకోలుకు ఈ మాట వాడవద్దని నా సలహా.

ఎక్స్‌క్విజిట్ అంటే లాటిన్‌లో ‘వెతికి వెతికి పట్టినది’. సున్నితమైన పనితనానికి మాత్రమే నప్పుతుంది. ఉప్పాడ జాందానీ చీరను అలా అనవచ్చు. ధవళేశ్వరం ఆనకట్టను అలా అనకూడదు, దానికి మాగ్నిఫిసెంట్ ఉంది. 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆ కట్టడం పెద్దదనంతో మనసును నింపేది, సన్నని పోగుల అందంతో కాదు.

మూడో మెట్టు: వర్త్, వర్దీ, డిజర్వ్‌ల వ్యాకరణాన్ని చేతికి అలవాటు చేసుకోవడం

ఈ మూడింటికీ అర్థం తెలిసినా వాక్యంలో ఇరికించేటప్పుడు చాలామంది తడబడతారు. ‘పుస్తెలు అమ్మి అయినా పులస తినాలి’ అనే మన సామెతను పట్టుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. వరద నీటి కాలంలో సముద్రం నుండి గోదావరికి ఎదురీది వచ్చే ఆ చేపకు ధర ఎక్కువన్నది ఒక సంగతి, అది ఎక్స్‌పెన్సివ్. ఆ ధరకు అది తగినదన్నది ఇంకొక సంగతి. అది వర్త్ ద ప్రైస్. వర్త్ వెనుక నేరుగా నామవాచకం వస్తుంది, లేదా ఇంగ్ చివర ఉన్న క్రియారూపం వస్తుంది: వర్త్ ఈటింగ్, వర్త్ రీడింగ్, వర్త్ ద ట్రబుల్. వర్త్ టు ఈట్ అనేది ఇంగ్లిషు కాదు, ‘తినడానికి తగినది’ అన్న తెలుగు వాక్యానికి తొడిగిన చొక్కా.

వర్దీకి వెనుక ఆఫ్ కావాలి: వర్దీ ఆఫ్ రెస్పెక్ట్. ఆఫ్ లేకుండా ముందు పెడితే ‘సాటి అయిన, గౌరవించదగిన’ అని అర్థం: వర్దీ ఆపోనెంట్ అంటే సరిజోడు ప్రత్యర్థి, వర్దీ కాజ్ అంటే చేయూతనివ్వదగిన సత్కార్యం. ‘తగిన’ అనే మన మాట మంచికీ చెడుకూ ఒకేలా పనిచేస్తుంది. గంతకు తగ్గ బొంత అన్నప్పుడు అందులో మెప్పు లేదు. వర్దీ అలా కాదు, దాని చూపు సాధారణంగా పైకే ఉంటుంది. మంచీ చెడూ రెండింటినీ మోసే పని డిజర్వ్ చేస్తుంది. ప్రశంసాపాత్రుడు, నిందాపాత్రుడు అని మనం పాత్ర శబ్దాన్ని రెండు వైపులా వాడుతున్నట్టే, డిజర్వ్స్ ప్రైజ్, డిజర్వ్స్ బ్లేమ్ అని వారూ వాడతారు. దాని వెనుక నామవాచకం గానీ, టు చేర్చిన క్రియ గానీ రావచ్చు.

వర్దీ అనే తోక కలిగిన సమాసాలు మన యోగ్యత అనే భావానికి చాలా దగ్గరగా ఉంటాయి. సీవర్దీ అంటే సముద్రం మీదకు పోగలిగినంత గట్టిగా ఉన్న పడవ. అంతర్వేది దగ్గర వేటకు పోయే పడవను గురించి గుడ్ బోట్ అంటే చూడడానికి బాగుందనో, బాగా నడుస్తుందనో అనుకోవచ్చు. సీవర్దీ అంటే దాని మీద ప్రాణం పెట్టి పోవచ్చు. రోడ్‌వర్దీ, ట్రస్ట్‌వర్దీ, క్రెడిట్‌వర్దీ అన్నీ ఇదే అచ్చులోవి. వర్త్‌వైల్ అంటే వెచ్చించిన కాలానికి ఫలం దక్కేది.

ఇన్‌వాల్యుబుల్ అనే మాటను చూసి విలువలేనిది అనుకోకూడదు. విలువ కట్టలేనిది అని దాని అర్థం, మన ‘అమూల్యం’ లాగే. విలువలేనిదానికి వర్త్‌లెస్ ఉంది, వాల్యూలెస్ ఉంది.

నాలుగో మెట్టు: మనుషులను మెచ్చుకునే మాటల్లో ఎవరు ఎవరిని మెచ్చుకుంటున్నారో చూడడం

వస్తువులకు వర్తించని ఒక లెక్క మనుషుల దగ్గర వస్తుంది. మెచ్చుకునేవారి స్థానం కూడా మాటలో వినిపిస్తుంది. కమెండబుల్ అనేది పెద్దవారు చిన్నవారి ప్రయత్నాన్ని మెచ్చే మాట. విద్యార్థి ప్రధానోపాధ్యాయుడి సేవను కమెండబుల్ అని రాస్తే భుజం తట్టినట్టుంటుంది. అక్కడ అడ్మిరబుల్ అనాలి. లాడబుల్ సాధారణంగా ఉద్దేశాన్ని పొగుడుతుంది, ఫలితం గురించి మౌనంగా ఉంటుంది. క్రెడిటబుల్ అంటే గెలవకపోయినా పరువు నిలబెట్టినది. మెరిటోరియస్ అనే మాటను మన బడుల్లో మార్కులు బాగా వచ్చిన పిల్లలందరికీ వాడుతున్నాము. బయటి దేశాల పాఠకుడికి అది ఎక్కువగా మెరిటోరియస్ సర్వీస్ వంటి చోట్ల, చేసిన సేవకు, పరిచితమైన మాట. విదేశానికి పోయే ఉత్తరంలో పిల్లవాణ్ణి బ్రైట్ అనో, ఏబుల్ అనో అంటే అతని ముఖం స్పష్టంగా కనబడుతుంది.

ఎమినెంట్ అంటే పొడుచుకుని పైకి కనిపించేది. ఒక రంగంలో చాలాకాలం నిలిచిన కీర్తికి అది చెల్లుతుంది. ఆర్థర్ కాటన్‌ను ఎమినెంట్ ఇంజనీర్ అనవచ్చు, కందుకూరి వీరేశలింగాన్ని ఎమినెంట్ రిఫార్మర్ అనవచ్చు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మను మాత్రం ఆ మాటతో పిలవడానికి నాకు మనసొప్పదు. అక్కడ ఉన్నది వృత్తిలో ప్రఖ్యాతి కాదు, మనిషి గుణం; నోబుల్ అనే మాట, లేదా జనం ఆమెను తలుచుకునే తీరును చెప్పదలిస్తే రివియర్డ్ అనే మాట సరిపోతుంది. ఎమినెంట్‌ను పలుకుబడిలో దగ్గరగా ఉండే ఇమినెంట్‌తో కలిపేయవద్దు. అది ముంచుకొస్తున్నదని చెప్పే మాట, వరద హెచ్చరికల్లో కనిపించేది.

పాత నిఘంటువుల్లో ఎగ్రీజియస్‌కు ‘ప్రముఖమైన’ అనే అర్థం కనిపించవచ్చు. లాటిన్‌లో మందలోనుండి విడిగా నిలిచినదని దాని పుట్టుక, ఒకప్పుడు అది మెప్పు కూడా. ఇప్పుడు ఘోరమైన తప్పుకు తప్ప దాన్ని వాడరు. మన ‘ఘనకార్యం’ అనే మాటకు పట్టిన గతి గుర్తు చేసుకుంటే ఇది ఎన్నటికీ మరిచిపోరు. ‘ఏం ఘనకార్యం చేసొచ్చావు?’ అని తల్లి అడిగితే ఏ పిల్లవాడూ మెచ్చుకుందనుకోడు. క్వాలిఫైడ్ కూడా ఒక వల పన్ని ఉంచుతుంది. మనిషికి చేరిస్తే చదువూ శిక్షణా ఉన్నవాడని అర్థం, మద్దతుకో ప్రశంసకో చేరిస్తే షరతులతో కూడినదని అర్థం. మీకు క్వాలిఫైడ్ సపోర్ట్ ఇస్తున్నానని ఎవరైనా రాస్తే సంబరపడకుండా తరవాతి పేరా చదవండి.

అయిదో మెట్టు: వ్యతిరేక పదం పెట్టి పరీక్షించడం

ఎంచుకున్న మాట సరైనదో కాదో అనుమానంగా ఉంటే దాని వ్యతిరేకాన్ని ఊహించండి. ఎంపిక కాని విద్యార్థికి జవాబు రాస్తున్నారనుకోండి. ఇన్‌ఎలిజిబుల్ అంటే నియమం ఒప్పుకోలేదని మాత్రమే. అన్‌సూటబుల్ అంటే ఈ పనికి సరిపడలేదని. అన్‌డిజర్వింగ్, అన్‌వర్దీ అంటే ఆ పిల్లవాడి వ్యక్తిత్వం మీదే తీర్పు చెప్పినట్టు. ఒక ఉపకారవేతన సంఘం పంపిన తిరస్కార లేఖలో అన్‌వర్దీ అనే మాటను నా కళ్ళతో చూశాను. రాసినవారి ఉద్దేశం అర్హత లేదని చెప్పడమే. చదివిన కుర్రాడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఏమీ మాట్లాడలేదు. అప్పటి నుండి ఎవరు కాదని రాయమన్నా నేను మొదట చూసేది ఈ ఒక్క మాటనే.

ఆరో మెట్టు: పర్యాయపదకోశాన్ని చివర తెరవడం

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే లండన్‌లో రోజెట్ పర్యాయపదకోశమూ, మద్రాసులో బ్రౌన్ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువూ వెలువడ్డాయి. ఈ కలయికను నేను ఎంతో ఇష్టంగా తలుచుకుంటాను. రోజెట్ ఒకే భావం చుట్టూ తిరిగే మాటలను ఒకచోట చేర్చారే తప్ప వాటి మధ్య తేడాను వివరించలేదు. అది తెలిసిన మాటను గుర్తు చేసుకోవడానికి పనికొస్తుంది, తెలియని మాటను నేర్చుకోవడానికి పనికిరాదు. అందువల్ల అందులో ఒక మాట నచ్చితే వెంటనే ఇంగ్లిషు–ఇంగ్లిషు నిఘంటువులో దాని కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవాలి. ఆ వాక్యాల్లో మీ సరుకు వంటిది, మీ మనిషి వంటివారు కనిపిస్తే మాట మీది. లేకపోతే వదిలేయండి.

చివరగా, రాసినదాన్ని తగ్గించడం

ఆత్రేయపురం నుండి పూతరేకులు బయటి రాష్ట్రానికి పంపే ఒక కుటుంబం నా దగ్గరకు పెట్టె మీద అచ్చు వేయించవలసిన వాక్యాన్ని తెచ్చింది. వారి సరుకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఉత్సాహంలో ఉన్నారు. ఆ వాక్యంలో సుపర్బ్, సుపీరియర్, ప్రీమియం, ఎక్సలెంట్, ఫైనెస్ట్ అన్నీ ఉన్నాయి. పైన చెప్పిన మెట్లన్నీ వారితో కలిసి దిగాను. దేనికంటే సుపీరియర్ అని అడిగితే, “పక్క ఊరి వాళ్ళకంటే అని రాయలేం కదండీ” అన్నారు. ధర మామూలుదే కనుక ప్రీమియం పోయింది. సుపర్బ్, ఎక్సలెంట్ రెండూ ఒక పనే చేస్తున్నాయి కనుక ఒకటి పోయింది, తరవాత రెండోదీ పోయింది, ఎందుకంటే అది ఏ మిఠాయి పెట్టె మీదైనా ఉంటుంది. మిగిలింది ఫైనెస్ట్ ఒక్కటే. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడను ఆ రేకు ఎలా వస్తుందో చెప్పమని అడిగాను.

బోర్లించిన కుండ వేడెక్కాక, పల్చని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్కసారి పరిచి లాగేస్తే, కళ్ళ ముందే తెల్లని పొర ఆరి అంచు లేస్తుందని ఆవిడ చేత్తో గాలిలో గుడ్డ పరిచి చూపించింది. ఆ రేకు గుణాన్ని చెప్పే మాట ఫైనెస్ట్ అని అందరం అనుకున్నాము, కానీ ఆవిడ “ఊదితే ఎగిరేంత పల్చగా ఉంటుంది, ముట్టుకుంటే చిట్లుతుంది” అన్నది. దానికి ఇంగ్లిషులో డెలికేట్ ఉంది. సన్నదనం, సుకుమారం, జాగ్రత్తగా పట్టుకోవలసిన తత్వం మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. పెట్టె మీద చివరకు అచ్చయినది, మట్టి కుండ మీద చేత్తో తీసిన డెలికేట్ రైస్ షీట్స్, లోపల నెయ్యీ బెల్లమూ, అంతే.